నొప్పి తగ్గిన రోజుల్లోనే గండం: వెన్నులో స్టిమ్యులేటర్ పెట్టాక ఇంటి దగ్గర ఎనిమిది వారాలు

పన్నెండో రోజున కుట్లు విప్పుతారు. గాయం ఎండి సన్నటి గీతలా మిగులుతుంది. ఏళ్ల తరబడి నడుము నుంచి కాల్లోకి దిగిన మంట సగానికి సగం తగ్గి ఉంటుంది. ఆ రాత్రి కంటినిండా నిద్ర పడుతుంది. తెల్లారి లేచిన ఇల్లాలు, ఇన్నాళ్లూ ఎవరో ఒకరు మోసిపెడుతున్న నీళ్ల బిందెను తనే వంగి ఎత్తుతుంది. నిండు బిందె పదిహేను కిలోలకు తక్కువ తూగదు. ఎత్తినప్పుడు ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజుల్లో తేడా మొదలవుతుంది. పరికరం వల్ల కాల్లో రావాల్సిన తిమ్మిరి పక్కటెముకల దగ్గర వస్తుంది. కాల్లో పాత మంట తిరిగి లేస్తుంది.

సన్నటి కరెంటుతో నరాల నొప్పిని అణిచే వెన్నుపాము స్టిమ్యులేటర్ పెట్టించుకున్నవాళ్ల ఇళ్లలో బాగా భయపడాల్సిన పొరపాటు ఇది. నొప్పి ఉన్నన్నాళ్లూ మనిషి ఎలాగూ వంగడు, బరువెత్తడు. నొప్పే కాపలా కాస్తుంది. అది తగ్గాక ఆ కాపలా పోతుంది, లోపలి పని మాత్రం ఇంకా పూర్తయి ఉండదు.

లోపల ఉన్నదేమిటో తెలిస్తే ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. వెన్నుపూసల గొట్టంలో, వెన్నుపామును కప్పిన పొరకు బయట, ఒకటి రెండు సన్నటి తీగలు పెడతారు. డాక్టర్లు వీటిని లీడ్లు అంటారు. సుమారు 1.3 మిల్లీమీటర్ల మందం, అంటే బాల్‌పెన్ను రీఫిల్ కన్నా సన్నం. తీగ చివర వరసగా చిన్న లోహపు కడియాలుంటాయి, కరెంటు వెలువడేది వాటి నుంచే. నడుము, కాళ్ల నొప్పికి ఆ కొసను వీపు మధ్యలో, ఛాతీ వెన్నుపూసల్లో ఎనిమిది, తొమ్మిదో పూసల దగ్గర నిలుపుతారు. రెండో కొస చర్మం కిందుగా వచ్చి పిరుదు పైభాగంలోనో, పొట్ట పక్కనో పెట్టిన బ్యాటరీకి కలుస్తుంది. బ్యాటరీ ఇంచుమించు అగ్గిపెట్టెంత ఉంటుంది.

సూదితో పెట్టిన తీగను మొదటి రోజుల్లో పట్టి ఉంచేది, అది వెన్నులోకి దూరిన చోట కండరం పైపొరకు వేసిన రెండు మూడు కుట్లు. అంతే. దాని చుట్టూ మచ్చ కణజాలం అల్లుకున్నాకే అది స్థిరపడుతుంది. అందుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కొందరు సర్జన్లు పన్నెండు వారాలు ఆగమంటారు. పైగాయం రెండు వారాల్లో మానుతుంది. ఈ రెంటికీ మధ్యనున్న నెల, నెలన్నరే గండం. కొద్ది మిల్లీమీటర్లు జరిగినా తీగ కరెంటు పంపే చోటు ఒకటి, నొప్పి ఉన్న చోటు ఒకటి అవుతుంది. చిన్నపాటి జరుగుడైతే ప్రోగ్రామింగ్, అంటే పరికరం కరెంటు ఇచ్చే తీరు, మార్చి సర్దుతారు. బాగా జరిగితే మళ్లీ ఆపరేషన్ టేబులు ఎక్కాల్సిందే.

ఈ వైద్యం వెనకున్న ఆలోచన పాతదే. వెన్నుపాములో నొప్పి సంకేతాలకు ఒక ద్వారంలాంటిది ఉంటుందని, స్పర్శ సంకేతాలు ఎక్కువైతే అది మూసుకుంటుందని రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించారు. మోకాలు గోడకు కొట్టుకోగానే చేత్తో రుద్దుకుంటే హాయిగా ఉండటం అందరికీ అనుభవమే. 1967లో నార్మన్ షీలీ అనే అమెరికన్ సర్జను క్యాన్సర్ నొప్పితో బాధపడుతున్న ఒక రోగికి ఇలాంటి పరికరాన్ని మొదటిసారి పెట్టారు. ద్వారం సిద్ధాంతం ఆ తర్వాత చాలా మారింది. తిమ్మిరి తెలిసేలా పనిచేసే పాత పద్ధతితో పాటు, సెకనుకు పది వేల సార్లు స్పందిస్తూ తిమ్మిరే తెలియకుండా పనిచేసేవీ ఇప్పుడున్నాయి. మొదటి రకం పెట్టినవాళ్లకు చీమలు పాకినట్టు తెలుస్తుంటుంది, రెండో రకం వాళ్లకు ఏమీ తెలియదు. తనకు పెట్టింది ఏ రకమో తెలియని మనిషి తిమ్మిరి రావడం లేదేమిటని ఊరికే టెన్షన్ పడతాడు. డిశ్చార్జి రోజునే అడిగి తెలుసుకోవాలి.

నేరుగా ఎవరికీ పెట్టరు. ముందు ట్రయల్ ఉంటుంది. తీగలు లోపల, బ్యాటరీ బయట పెట్టి మూడు నుంచి ఏడు రోజులు చూస్తారు. నొప్పి కనీసం సగం తగ్గితేనే బ్యాటరీ లోపల పెట్టే ఆపరేషన్. డిస్కు ఆపరేషన్ అయ్యాక కూడా వదలని కాలినొప్పి, దెబ్బ తగిలిన చెయ్యో కాలో నెలల తరబడి మండే జబ్బు, షుగర్ వల్ల అరికాళ్లలో పుట్టే మంట... ఇలాంటి నరాల నొప్పులకే ఇది. కీళ్ల అరుగుదలకూ మామూలు నడుము పట్టుకూ కాదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇక్కడ ఒక మాట అదనంగా చెప్పుకోవాలి. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ గురించి వైద్య పత్రికలో మొదట వర్ణించింది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని అప్పటి నెల్లూరు జిల్లా రోగుల్ని చూసే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అందులోకి వచ్చాయి. బోరు నీళ్లు తాగి పెరిగిన తరాల్లో నడుము బిగుసుకుపోయి, మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసే పెద్దవాళ్లు ఆ పల్లెలకు కొత్త కాదు. ఫ్లోరైడు ముదిరితే వెన్నుపూసల మధ్య ఉండే పట్టీలు ఎముకలా గట్టిపడతాయి. వెన్ను గొట్టం ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. నలిగిన నరానికి చోటివ్వడం ఒక వైద్యం, నొప్పి సంకేతాన్ని అడ్డుకోవడం వేరే వైద్యం. స్టిమ్యులేటర్ రెండోది మాత్రమే. పైగా తీగ దూరాల్సిన సందు కూడా ఆ ఇరుకులోనే ఉంటుంది. కాబట్టి పడమటి మండలాల నుంచి వెళ్లేవాళ్లు ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారో డాక్టరుకు చెప్పాలి, వీపు మధ్యభాగం ఎమ్మారై కూడా తీయించాలా అని అడగాలి. నడుము ఎమ్మారై ఒక్కటే చూస్తే తీగ దారిలో ఉన్న ఇరుకు కనిపించదు.

ఆపరేషన్ చెన్నైలోనో మరో నగరంలోనో చేయించుకుంటే ఇంటికి రావడమే మొదటి పరీక్ష. చెన్నై నుంచి నెల్లూరుకు సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలుకైతే ఇంకో నూటపాతిక దాకా. హైవే బాగానే ఉంటుంది, ఊళ్లోకి తిరిగాకే గతుకులు. కారులో ముందు సీటు వెనక్కి వాల్చుకుని, గంటకోసారి దిగి నాలుగడుగులు వేస్తూ రావడం మేలు. రైల్లో అయితే కింది బెర్తు దొరకాలి, సామాను వేరేవాళ్లు మోయాలి.

మొదటి రెండు వారాలు గాయానివి. వీపు మధ్య ఒకటి, బ్యాటరీ దగ్గర ఒకటి, రెండు గాయాలుంటాయి. ఎక్కువ సతాయించేది బ్యాటరీ దగ్గరిదే, ఎందుకంటే బట్ట కట్టేది అక్కడే. లుంగీ ముడి, బెల్టు, లంగా బొందు సరిగ్గా దాని మీదుగానే పోతాయి. చాలామంది మగవాళ్లకు మొలతాడు తీసెయ్యాలన్న ఆలోచనే రాదు. రాత్రంతా ఆ తాడు పచ్చిగాయం అంచున రాసుకుంటూ ఉంటుంది, పొద్దున చూస్తే డ్రెస్సింగు అంచు లేచి, కింద చర్మం ఎర్రగా కంది ఉంటుంది. ఆడవాళ్లు ఈ రెండు నెలలూ లంగా బొందు మానేసి వదులు నైటీలు వేసుకోవడం ఉత్తమం. మొలతాడు తీయడం అరిష్టమనుకునే ఇళ్లలో గాయం మానేదాకా దాన్ని మణికట్టుకు కట్టుకోవచ్చు. మానం పోదు, మర్యాదా పోదు, గాయం మాత్రం దక్కుతుంది.

ఎండాకాలంలో చేయించుకున్నవాళ్లకు చెమట ఇంకో బెడద. రోహిణి కార్తెలో వీపు తడవకుండా ఉండటం నెల్లూరులో ఎవరి తరమూ కాదు. ఫ్యాను కింద పక్కకు తిరిగి పడుకోవాలి, తడిసిన డ్రెస్సింగును డాక్టరు చెప్పిన పద్ధతిలో మార్చించాలి. తల స్నానం, ఒంటి స్నానం డాక్టరు సరేనన్నాకే. చెరువు, కాలువ, సముద్రం పూర్తిగా మానేదాకా వద్దు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ ఆ నెలలోనే వస్తే, స్వర్ణాల చెరువులో దిగేది ఇంట్లో ఇంకొకరు కావాలి. ఆరోగ్య రొట్టెను ఒడ్డున నిలబడి అందుకోవచ్చు.

పథ్యం సంగతి చెప్పకుండా దాటలేం. "పప్పు పెట్టొద్దు, చీము పడుతుంది" అన్న మాట ఈ రెండు జిల్లాల్లో వినపడని ఇల్లుండదు. పప్పు, గుడ్డు, చేపలు, మాంసం, వంకాయ అన్నీ ఆపేసి కారప్పొడి అన్నం, మజ్జిగన్నంతో నెలంతా గడిపిస్తారు. చీము పట్టించేది సూక్ష్మజీవి, పప్పు కాదు. గాయం పూడటానికీ, తీగను పట్టుకునే ఆ మచ్చ అల్లుకోవడానికీ శరీరానికి కావలసింది మాంసకృత్తులే. పప్పు ఆపడమంటే ఇల్లు కట్టే మేస్త్రీకి ఇటుకలు ఆపడమే. కారం తగ్గించిన చేపల పులుసు, ఉడికించిన గుడ్డు, ముద్దపప్పు ధైర్యంగా పెట్టవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడగాలి. షుగర్ ఉన్నవాళ్లు పళ్లరసాలకు దూరంగా ఉండి, రీడింగు అదుపులో ఉంచుకోవాలి. బీడీ, చుట్ట, సిగరెట్టు మానడం కూడా పథ్యమే, అసలైన పథ్యం అదే. పొగాకు పండే నేల మీద ఈ మాట చెప్పడం కష్టమైనా, పొగ రక్తనాళాలను బిగించి గాయాన్ని ఆలస్యం చేస్తుందన్నది నిజం. పీచు ఉన్న కూరలు, నీళ్లు బాగా తీసుకోవాలి. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, ముక్కితే వెన్ను మీద ఒత్తిడి పడుతుంది.

డాక్టర్లు చెప్పే నియమం మూడు ముక్కల్లో ఉంటుంది: వంగొద్దు, మెలి తిరగొద్దు, బరువెత్తొద్దు. చేతులు తలకు పైగా చాచొద్దన్నది నాలుగోది. బరువు అంటే రెండు కిలోలు దాటినది ఏదైనా. రెండు లీటర్ల నీళ్ల సీసా వరకే. ఆసుపత్రి కాగితం మీద ఇది చిన్న వాక్యం. మన ఇల్లు మాత్రం నేల మీదే నడుస్తుంది. చీపురు పొట్టిది, ముగ్గు వంగి వేసేది, గిన్నెలు తోమేది పీట మీద కూర్చుని, అన్నం తినేది బాసింపట్టు వేసుకుని. బట్టలు ఆరేసే తీగ తలకు పైన ఉంటుంది. ఉప్పు, పప్పు డబ్బాలు అటక మీద. గ్యాసు సిలిండరు నిండుగా ఉంటే దాదాపు ముప్పై కిలోలు. మంచం కింద పడ్డ చెప్పు తీసుకోవడం కూడా వంగడమే, చంటిపిల్లాణ్ణి చంకనేసుకోవడం కూడా బరువెత్తడమే.

అందుకని ఆపరేషన్‌కు వారం ముందే ఇంటిని మార్చుకోవాలి. రోజూ వాడే సామాను నడుమెత్తులో ఉన్న అరలోకి రావాలి. బట్టల తీగ ఛాతీ ఎత్తుకు దించాలి. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి మీద పెట్టే కమోడ్ కుర్చీలు మందుల షాపుల్లోనూ ఆసుపత్రి సామాన్ల దుకాణాల్లోనూ దొరుకుతాయి. ఇది విలాసం కాదు, రోజుకు రెండు మూడుసార్లు గొంతుక్కూర్చోకుండా కాపాడే వస్తువు. నులక మంచం వద్దు, మధ్యలో గుంట పడి వీపు విల్లులా వంగుతుంది. చెక్క మంచం మీద పరుపు వేసుకోవాలి. లేచేటప్పుడు నేరుగా నడుము లేపకూడదు. దుంగ దొర్లినట్టు భుజం, తుంటి ఒక్కసారిగా పక్కకు తిప్పి, కాళ్లు మంచం దించి, చేతి ఆసరాతో లేవాలి. ఇది మొదటిరోజే ఆసుపత్రిలో నేర్పుతారు. ఇంట్లో ఇంకొకరు కూడా చూసి నేర్చుకుంటే, నిద్రమత్తులో మరిచినప్పుడు గుర్తుచేస్తారు. దేవుడికి దణ్ణం నిలబడే పెట్టాలి. సాష్టాంగం, పొర్లుదండాలు, మెట్ల మొక్కులు మూడు నెలల తర్వాతి మాట.

వద్దన్నారని మంచానికే అతుక్కుపోవడం మరో తప్పు. నడక మొదటి రోజు నుంచే ఉండాలి. ఇంట్లో పది నిమిషాలతో మొదలుపెట్టి, చల్లపూట వీధి చివరిదాకా, రోజుకు కొంత పెంచుకుంటూ పోవాలి. ఆడవాళ్ల విషయంలో ఒక సంగతి దాచాల్సిన పనిలేదు. మగవాడికి ఆపరేషన్ అయితే ఇల్లంతా అతని చుట్టూ తిరుగుతుంది. కోడలికో అత్తకో అయితే, కుట్లు విప్పిన మర్నాటి నుంచి వంట ఆమెదే. పైకి గాయం కనపడదు, నడుస్తోంది, నవ్వుతోంది, ఇంకేం కావాలి అనుకుంటారు. ఎనిమిది వారాల లెక్క డాక్టరు రోగికి కాదు, ఇంటి పెద్దను కూర్చోబెట్టి చెప్పాలి.

తీగ స్థిరపడేలోపు తిమ్మిరి ఒక్కోసారి ఒక్కోలా ఉండటం మామూలే. వెల్లకిలా పడుకోగానే బలంగా తెలుస్తుంది, కూర్చోగానే తగ్గుతుంది. పడుకున్నప్పుడు వెన్నుపాము తీగకు దగ్గరవుతుంది, అంతకుమించి ఏమీ లేదు. రిమోట్‌తో తగ్గించుకుని పడుకోవాలి. దగ్గినా తుమ్మినా క్షణంపాటు జివ్వుమంటుంది. కానీ తిమ్మిరి ఉన్నట్టుండి వేరే చోటికి మారి అక్కడే ఉండిపోతే ఆసుపత్రికి ఫోను చేయాలి. తిమ్మిరి తెలిసే రకమైతే దాన్ని ఆన్‌లో ఉంచి బండి నడపకూడదు. వెనక కూర్చోవడం కూడా మొదటి వారాల్లో వద్దు, ఒక్క స్పీడు బ్రేకరు చాలు.

కొన్ని లక్షణాలకు ఫోను చేసి ఆగితే చాలదు. కాళ్లలో బలం తగ్గడం, మూత్రం గానీ విరేచనం గానీ పట్టు తప్పడం, వెన్నులో అంతకంతకూ పెరిగే తీవ్రమైన నొప్పి... ఇవి వెన్నుపాము దగ్గర రక్తమో చీమో చేరుతోందనడానికి గుర్తులు కావచ్చు. గంటలే ముఖ్యం, వెంటనే 108కి ఫోను చేయాలి. జ్వరం, గాయం ఎర్రబడి కారడం, కుట్లు విచ్చుకోవడం అయితే ఆ రోజే చూపించాలి. ఇన్ఫెక్షన్ వచ్చేది నూటికి ముగ్గురు నలుగురికే అయినా, లోపలి పరికరానికి పాకితే మొత్తం తీసేయడం తప్ప దారి ఉండదు. కూర్చుంటే పగిలిపోతూ, పడుకుంటే తగ్గే తలనొప్పి వేరు. తీగ పెట్టేటప్పుడు వెన్నుపాము పొరకు చిల్లు పడితే వస్తుంది, దానికి వైద్యం ఉంది.

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లడం ఆగదు, ఆగమని చెప్పడం కూడా కుదరదు. జ్వరానికో వాంతులకో ఆయన మొదట చేసే పని పిరుదుకు సూది. బ్యాటరీ ఉన్నది సరిగ్గా అక్కడ. ఆ పక్క సూది వేయొద్దని రోగి తనే చెప్పాలి. ఫిజియోథెరపీ సెంటర్లో అంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. నడుము నొప్పి అనగానే డయాథర్మీ, అంటే తరంగాలతో ఒంటి లోపలికి వేడి పంపే చికిత్స, పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది, జనం దాన్ని "కరెంటు పెట్టించుకోవడం" అంటారు. ఆ తరంగాల వేడి లోపలి తీగ వెంట పోయి, చివర్లో నరాల కణజాలాన్ని కాల్చేస్తుంది. లోపల తీగలు అమర్చినవాళ్లకు డయాథర్మీ ప్రాణాపాయమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లోనే హెచ్చరించింది. ఆఫ్ చేసి పెట్టించుకున్నా ప్రమాదం పోదు. ఎమ్మారై తీసేముందు, వేరే ఏ ఆపరేషన్ చేయించుకునేముందు పరికరం కార్డు చూపించాలి. తిరుమల వెళ్లేటప్పుడు మెటల్ డిటెక్టర్ దగ్గర కూడా ఆ కార్డే పనికొస్తుంది.

వేసుకుంటున్న మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, ట్రమడాల్ లాంటివి నెలల తరబడి వాడినవాళ్లు హఠాత్తుగా మానితే ఒళ్లు ఎదురు తిరుగుతుంది. డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారం దించుకుంటూ రావాలి.

ఛార్జింగు చేసే రకం బ్యాటరీ పదేళ్లు, ఆపైన వస్తుంది. ఛార్జింగు లేనిది వాడకాన్ని బట్టి కొన్నేళ్లలో అయిపోతుంది, అప్పుడు చిన్న ఆపరేషన్‌తో మార్చాలి. మొదటిది ఎంచుకున్న తీరవాసులు తుపాన్ల సంగతి గుర్తుంచుకోవాలి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు కరెంటు కష్టాలు ఈ తీరానికి అనుభవమే. వాయుగుండం వార్త వినగానే ఒంట్లో బ్యాటరీ, బయటి ఛార్జరు రెండూ నింపి పెట్టుకోవాలి.

ఆశ ఎంత పెట్టుకోవాలన్నది చివరికి డబ్బు ప్రశ్న కూడా. పరికరం ఖర్చు లక్షల్లో ఉంటుంది. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023లో తెచ్చిన సమీక్ష, నడుము నొప్పికి ఆరు నెలల దగ్గర చూస్తే ఉత్తుత్తి చికిత్స కన్నా దీనివల్ల ఎక్కువ లాభం కనపడలేదంది. షుగర్ నరాల మంట మీద ఫలితాలు ఇంతకన్నా మెరుగ్గా ఉన్నాయి, 2021లో అమెరికాలో దానికి అనుమతి కూడా వచ్చింది. అంటే ఏ నొప్పికి పెడుతున్నారన్నదే మొదటి ప్రశ్న. పొలం అమ్మో, రొయ్యల గుంట మీద అప్పు తెచ్చో పెట్టించుకునే ముందు ట్రయల్ ఫలితాన్ని నిజాయితీగా చూసుకోవాలి. అంత డబ్బు పెట్టాం కదా అని, పెద్దగా తగ్గకపోయినా తగ్గిందని చెప్పే రోగులుంటారు.

అందుకే నొప్పికి మార్కులు వేయడం కన్నా పనుల లెక్క రాసుకోవడం నయం. గోడ క్యాలెండరు గడిలో, పాలవాడి లెక్క పక్కనే, నాలుగు ముక్కలు చాలు: రాత్రి ఎన్ని గంటలు నిద్ర పట్టింది, ఎంత దూరం నడిచింది, రిమోట్ ఎంతలో పెట్టింది, ఎన్ని మాత్రలు వేసుకుంది. ప్రోగ్రామింగ్‌కు వెళ్లిన రోజు ఆ కాగితాలు చించి వెంట తీసుకెళితే, "ఎలా ఉందమ్మా?" అని డాక్టరు అడిగినప్పుడు "పర్లేదు సార్" అనే బదులు వాటినే చేతికివ్వవచ్చు.